డెల్టాలో చవకగా షెడ్డు: బాదుల పాకా, సిమెంటు స్తంభాలా, ఇనుప పైపులా?

ధాన్యం బస్తాలకో, రొయ్యల మేతకో, గేదెలకో, ట్రాక్టరుకో ఇంకొంచెం చోటు కావాలి. గోడలు కట్టి స్లాబు వేసేంత డబ్బు చేతిలో లేదు. గోదావరి డెల్టాలో ఇలాంటప్పుడు మిగిలే దారి స్తంభాల షెడ్డు. కప్పు బరువు గోడల మీద పడదు, నేలలో పాతిన స్తంభాల మీదే పడుతుంది. గోడ చుట్టూ పునాది తవ్వే పని, ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి అన్నీ అక్కడే మిగులుతాయి. 1930ల నుంచి అమెరికా రైతులు పాత కరెంటు స్తంభాలు పాతి కొట్టాలు వేసుకున్నది ఈ పద్ధతిలోనే. మన రాటల పాక అంతకంటే ఎంతో పాతది, సూత్రం మాత్రం ఒకటే.

దేనితో వేయాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. నాలుగు దారులున్నాయి: సరుగుడు బాదులతో తాటాకు పాక, సిమెంటు స్తంభాల మీద సిమెంటు రేకులు, నేలలో పాతిన ఇనుప పైపుల మీద రంగు రేకులు, కాంక్రీటు దిమ్మల మీద బోల్టులతో నిలబెట్టిన పైపుల షెడ్డు. ధర ఒక్కటే అడిగి తేల్చుకుంటే మొదటి తుపానుకే లెక్క తప్పుతుంది. ముందు ఈ కింది విషయాలు చూడండి.

## గాలి: కప్పును పైకి లేపే బలం

షెడ్డు వేసేవాళ్ళు ఎక్కువగా ఆలోచించేది కప్పు కింద పడకుండా ఎలా నిలబెట్టాలని. మన తీరంలో అసలు పని కప్పు పైకి లేవకుండా పట్టి ఉంచడం. కట్టడాల మీద పడే భారాలు చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలోని పటం ప్రకారం మన తీరం సెకనుకు 50 మీటర్ల గాలి మండలంలో ఉంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమ కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు.

లెక్క వేసి చూద్దాం. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు అడుగుకు సుమారు 14 కిలోలు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు షెడ్డుకు చూరులు కలుపుకుని కప్పు దాదాపు 736 చదరపు అడుగులు వస్తుంది. గోడలు లేని షెడ్డులో పైకి లాగే బలం కప్పు వాలును బట్టి మారుతుంది. చదరపు అడుగుకు 10 కిలోలే అనుకున్నా మొత్తం 7 టన్నులు దాటుతుంది, 14 అయితే 10 టన్నులు. రేకులు, వాటి కింద అడ్డంగా వేసే పర్లిన్లు, పర్లిన్లను మోసే త్రికోణపు చట్రాలు (ట్రస్సులు) అన్నీ కలిపినా కప్పు బరువు ఒక టన్ను చుట్టూ ఉంటుంది. మిగతాదంతా స్తంభాలే ఆపాలి. ఎనిమిది స్తంభాలుంటే ఒక్కోదాని మీద సుమారు టన్ను లాగుడు పడుతుంది.

మూడు వైపులా మూసి ఒక వైపు తెరిచి ఉంచిన షెడ్డుకు ప్రమాదం ఎక్కువ. లోపలికి దూరిన గాలికి బయటికి దారి లేక కప్పును కింద నుంచి కూడా తోస్తుంది. తుపాను దాటుతున్నకొద్దీ గాలి దిక్కు మారుతుంది కాబట్టి తెరిచిన వైపు ఎటు పెట్టినా ఒకటే. నాలుగు వైపులా తెరిచి ఉంచండి, లేకపోతే తలుపుతో సహా పూర్తిగా మూసేలా చేయించండి.

## నేల, నీళ్ళు

వరి చేల నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అడుగున్నర లోతులో పాతిన స్తంభం ఏటా కదిలి కదిలి వదులైపోతుంది. నెర్రెలు దిగే లోతు దాటి, కనీసం నాలుగడుగులు వెళ్ళాలి. తీరం వెంబడి ఇసుక నేలలో ఉబ్బడం ఉండదు కానీ పట్టు తక్కువ, గుంట గట్లు కూలిపోతాయి. లంకల్లో ఒండ్రు మెత్తన. వరద నీరు స్తంభం చుట్టూ మట్టిని కోసుకుపోతుంది కాబట్టి అక్కడ ఇంకో అడుగు లోతు కలుపుకోవాలి.

డెల్టాలో చాలామంది మరిచిపోయే లెక్క ఇంకొకటుంది. తుపాన్లు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో చేను నీళ్ళతో నిండి ఉంటుంది. నీళ్ళలో మునిగిన కాంక్రీటు బరువు తగ్గుతుంది. రెండడుగుల చదరం, నాలుగడుగుల లోతు గుంట నిండా కాంక్రీటు పోస్తే 16 ఘనపుటడుగులు, బరువు సుమారు 1,080 కిలోలు. చుట్టూ నీళ్ళు నిలిస్తే అది పట్టి ఉంచేది 630 కిలోలే. మిగతా భారమంతా మట్టి పట్టు మీద ఉంటుంది, ఆ మట్టి కూడా అప్పుడు నానిపోయి ఉంటుంది.

అందుకే నిలువు గుంట కంటే అడుగున వెడల్పైన దిమ్మ మేలు. అడుగున రెండున్నర అడుగుల చదరం, అడుగు మందం పలక పోసి, దాని మీద అడుగుంబావు చదరం కాండం మూడున్నర అడుగులు లేపండి. అందులో ఆరంగుళాలు నేల పైన ఉంటుంది. కాంక్రీటు 12 ఘనపుటడుగుల లోపే, కానీ పలక మీద కూర్చున్న మట్టి కూడా బరువుగా పనిచేస్తుంది. నీళ్ళు నిలిచినా సుమారు 780 కిలోలు పట్టి ఉంచుతుంది. ఖర్చు తగ్గి బలం పెరిగింది. ఒక్క షరతు ఉంది: తవ్విన మట్టిని ఆరంగుళాల పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. పారతో తోసేసి వదిలితే ఆ మట్టి లెక్కలోకి రాదు. రేగడిలో గుంట చుట్టూ ఇసుక నింపే అలవాటు మానుకోండి. అది నీళ్ళు నిలిచే బావిలా మారి అడుగు నేలను నానబెడుతుంది.

ఎనిమిది గుంటలకు దాదాపు ఒక యూనిట్, అంటే వంద ఘనపుటడుగుల కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్ళలో కలిపితే సిమెంటు 22 బస్తాల వరకు పడుతుంది. గోదావరి ఇసుక వాడండి. చెరువు ఉప్పునీళ్ళు, చప్పరించి చూస్తే ఉప్పగా తగిలే బోరు నీళ్ళు వద్దు, లోపల ఊచలు తుప్పు పడతాయి. తీరం పక్కన, రొయ్యల చెరువుల మధ్య స్లాగ్ సిమెంటు (ఇనుప కొలిమి చిట్టెం కలిపినది) తీసుకోవడం మంచిది.

## ఉప్పు, వాడకం, ఎన్నేళ్ళు

అంతర్వేది, కాట్రేనికోన వైపు సముద్రపు గాలి ఇనుమును తినేస్తుంది. భీమవరం, ఆకివీడు చుట్టూ చెరువు గట్ల మీద ఏరేటర్లు ఎగజిమ్మే నీళ్ళదీ అదే పని. యూరియా, పొటాష్ బస్తాలు, పశువుల మూత్రం, కోళ్ళ షెడ్డులో అమ్మోనియా కూడా ఇనుముకు శత్రువులే. షెడ్డు లోపల ఏం ఉంటుందో ముందే తేల్చుకుంటే స్తంభం ఏదో సగం తేలినట్టే. చెరువు మూడేళ్ళ లీజుకు తీసుకున్నవాళ్ళకూ, సొంత కళ్ళంలో పాతికేళ్ళకు వేసుకునేవాళ్ళకూ ఒకే సలహా పనికిరాదు.

## సరుగుడు బాదులు, తాటాకు

మొదట పెట్టుబడి అన్నిటికంటే తక్కువ, చల్లదనం అన్నిటికంటే ఎక్కువ. మే నెల ఎండలో ముర్రా గేదెలు తాటాకు కింద ఉన్నంత స్థిమితంగా రేకు కింద ఉండవు. కొబ్బరికాయ పడినా, మట్ట పడినా కప్పు తట్టుకుంటుంది.

మొదలు దగ్గర నాలుగైదు అంగుళాల లావు బాదులు తీసుకోండి. తొక్క తీసి బాగా ఎండనివ్వాలి. పచ్చి బాదు ఎండాక సన్నబడి కట్లు వదులవుతాయి. బాదు పుచ్చేది నేల మట్టం దగ్గర, తడి గాలి రెండూ తగిలే ఆ అడుగు భాగంలో. నేలలోకి పాతితే రెండు మూడేళ్ళకే అక్కడ మెత్తబడుతుంది, చెద పడితే ఇంకా ముందే. అడుగును కాల్చి తారు పూస్తే కొంత కాలం కలిసొస్తుంది. అంతకంటే నేలలో కాంక్రీటు దిమ్మ పోసి, దానిలో రెండు ఇనుప పట్టీలు నిలబెట్టి, బాదును పట్టీల మధ్య బోల్టులతో బిగించడం మేలు. బాదు కొస నేలకు తగలదు, పుచ్చితే ఒక్క బాదు మార్చుకుంటే సరిపోతుంది. బాదు చుట్టూ గిన్నెలా కాంక్రీటు పోయడం మాత్రం నష్టం. అందులో నీళ్ళు నిలిచి మామూలుగా కంటే త్వరగా పుచ్చుతుంది.

వాలు 35 డిగ్రీలకు తగ్గకూడదు, తగ్గితే ఆకు మీద నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది. 20 అడుగుల వెడల్పుకు వెన్ను, చూరు కంటే కనీసం ఏడడుగులు ఎత్తుండాలి. ఆకు రెండు మూడేళ్ళకోసారి నేయించాలి. నేసేవాళ్ళు ఊరూరా దొరికే రోజులు పోయాయి, మీ ఊళ్ళో ఎవరున్నారో కనుక్కుని మరీ ఈ దారి ఎంచుకోండి. నిప్పు భయం ఉంది కాబట్టి గడ్డిమేటుకు, వంట పొయ్యికి దూరంగా వేయండి. కరెంటు వైరు ఆకుకు తగలకుండా పైపులో లాగించండి.

## సిమెంటు స్తంభాలు, సిమెంటు రేకులు

ఉప్పుకు, పశువుల మూత్రానికి, ఎరువుకు ఇనుము కంటే బాగా ఆగుతుంది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు కంచె స్తంభాలతో షెడ్డు వేయడం. నాలుగంగుళాల చదరం, లోపల సన్న తీగ ఉన్న కంచె స్తంభం ముళ్ళతీగ లాగుడుకు చాలు, కప్పుకు చాలదు. తుపానుకు నేల మట్టం దగ్గర పుటుక్కున విరుగుతుంది. ఆరంగుళాల చదరం, నాలుగు మూలలా 8 మి.మీ. ఊచలు, పోసి కనీసం మూడు వారాలు తడిపినవి అడగండి. లారీలో దించేటప్పుడు మధ్యలో ఎత్తితే సన్న బీట పడుతుంది. ఆ బీటలోంచి ఉప్పు తేమ ఊచను చేరుతుంది. దించాక ఒక్కోదాన్నీ తడిపి చూడండి, బీట ఉంటే గీతలా కనిపిస్తుంది.

స్తంభం తలలో దూలం పట్టే బోల్టు పోతలోనే ఉండాలి. బైండింగు వైరుతో కట్టిన దూలం గాలికి ఆగదు.

6 మి.మీ. సిమెంటు రేకులకు పర్లిన్ల మధ్య దూరం 1.4 మీటర్లు దాటకూడదు, అంటే నాలుగున్నర అడుగులు. కప్పు బరువు రంగు రేకు కంటే దాదాపు మూడు రెట్లు కాబట్టి గాలికి లేచే భయం కొంచెం తగ్గుతుంది, వేడి కూడా తక్కువ. కానీ కొబ్బరి చెట్ల కింద ఇది వేయకండి. ఒక్క కాయకు రేకు పగులుతుంది, రిపేరుకు ఎక్కిన మనిషి కాలు పర్లిన్ మీద కాక రేకు మీద పడినా పగులుతుంది. ఆస్‌బెస్టాస్ ఉన్న రేకును మెషీనుతో కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. కొలతకు తగ్గ రేకులు తెప్పించుకోండి. కోయక తప్పకపోతే తడిపి చేతి రంపంతో కోయించండి. ఆస్‌బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులు కూడా దొరుకుతాయి, ధర ఎక్కువైనా ఇంటి పక్కన వేసేవాళ్ళు అవే తీసుకోవాలి.

## ఇనుప పైపులు: పాతడమా, బోల్టులా?

ధాన్యానికి, ట్రాక్టరుకు, మేతకు ఎక్కువమంది చివరికి వచ్చేది ఇక్కడికే, అది సరైన మాటే. తేల్చుకోవలసింది పైపును కాంక్రీటులోకి దించాలా, దిమ్మ మీద ప్లేటు వేసి బిగించాలా అన్నది.

మూడంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు బి క్లాసుది, అంటే నీలం పట్టీ ఉన్నది, మీటరుకు సుమారు 8.5 కిలోలు తూగుతుంది. పసుపు పట్టీ ఎ క్లాసు పల్చన, దాన్ని పర్లిన్లకు కూడా వాడకండి. పాతే పద్ధతిలో చూరు తొమ్మిదడుగుల ఎత్తు, నాలుగడుగులు లోపల కలిపితే ఒక్కో స్తంభం 13 అడుగుల పైనే. పైపు వచ్చేది ఆరు మీటర్ల పొడవులో కాబట్టి ఎనిమిది స్తంభాలకు ఎనిమిది పైపులు, ప్రతిదాంట్లో ఆరడుగుల పైచిలుకు ముక్క మిగులుతుంది. ప్లేటు పద్ధతిలో ఒక పైపుకు రెండు స్తంభాలొస్తాయి, నాలుగు పైపులతో సరి. మిగిలిన డబ్బు ప్లేట్లకు, బోల్టులకు పోతుంది. మిగిలిన ముక్కలు ట్రస్సులో వాడుకునే వెల్డరైతే పాతడంలో నష్టం తగ్గుతుంది.

పాతిన పైపు దానంతట అదే బిగుసుకుని నిలబడుతుంది, పక్క ఊగుడు తక్కువ. కానీ తుప్పు పట్టేది కాంక్రీటులోంచి పైకి వచ్చే చోట, అక్కడ పోతే స్తంభం మొత్తం పోయినట్టే. పాతితే కాంక్రీటు తల నేలకు ఆరంగుళాలు పైన ఉండాలి, నీళ్ళు జారేలా బయటికి వాలు తీయాలి, పైపుకు ఆ భాగంలో తారు పూత వేయాలి. పైపు అడుగున 12 మి.మీ. ఊచలు రెండు అడ్డంగా గుచ్చి వెల్డింగు చేయండి. నున్నటి పైపు కాంక్రీటులోంచి జారి పైకొచ్చేయకుండా పట్టేది ఆ ఊచలే.

ప్లేటు పద్ధతికి 10 అంగుళాల చదరం, 12 మి.మీ. ప్లేటు, 16 మి.మీ. బోల్టులు నాలుగు, ఒక్కోటి అడుగున్నర పొడవు, అడుగున వంచినవి. దిమ్మ కాండంలో 12 మి.మీ. ఊచలు నాలుగు కింది పలక వరకు దిగాలి. పలకకు, కాండానికి ఆ ఊచల కట్టు లేకపోతే గాలికి కాండం ఒక్కటే ఊడివస్తుంది. ఈ షెడ్డుకు ఊగుడు ఎక్కువ. రెండు చివరల గళ్ళలో (స్తంభాల మధ్య ఖాళీల్లో) అడ్డ బద్దీలు, ప్రతి స్తంభం తలకూ ట్రస్సుకూ మధ్య ఏటవాలు బద్దీ తప్పనిసరి. లాభం ఏమిటంటే, విప్పి ఇంకో చోట వేసుకోవచ్చు, తుప్పు పట్టిన ఒక్క స్తంభాన్ని మార్చుకోవచ్చు.

పర్లిన్ల దగ్గర మోసపోవడం తేలిక. స్తంభాల మధ్య 10 అడుగులుండి, పర్లిన్లు నాలుగడుగుల దూరంలో ఉంటే 80×40 మి.మీ., 3 మి.మీ. మందం పైపు కావాలి. రెండంగుళాలు, అంగుళం పైపు ఎండకు నిలుస్తుంది, తుపానుకు వంగుతుంది. ఖర్చు తగ్గాలంటే స్తంభాల దూరం ఏడున్నర అడుగులకు దించి 60×40 వాడండి. స్తంభాలు రెండు పెరుగుతాయి, ఉక్కు బరువు మాత్రం పెద్దగా పెరగదు.

రంగు రేకు 0.50 మి.మీ. తీసుకోండి, 0.35 వద్దు. తీరంలో రంగు కింద జింకు, అల్యూమినియం కలిసిన పూత చదరపు మీటరుకు 150 గ్రాములున్నది అడగండి. 12 అడుగుల రేకులు వాలుకు 10 చొప్పున 20 పడతాయి. చూరు అడుగున్నర దాటనివ్వకండి. స్క్రూలు చూరు వరసలో, వెన్ను వరసలో, రెండు చివరల ప్రతి మిట్టకూ ఒకటి, మధ్యలో మిట్ట విడిచి మిట్ట. మేకు కొట్టి బెజ్జం చేస్తే అక్కడి నుంచే కారుతుంది, తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది.

ఒక ఇబ్బంది ధాన్యం పెట్టేవాళ్ళకు తెలియాలి. మంచు కురిసే డిసెంబరు, జనవరి తెల్లవారుజామున రేకు అడుగున నీటి చుక్కలు పట్టి బస్తాల మీద రాలతాయి. వెన్ను దగ్గర గాలి పోయే సందు ఉంచండి, బస్తాల మీద టార్పాలిన్‌ను ఆనించకుండా తాడు మీద లాగి కట్టండి.

## పక్కపక్కన పెడితే

| | బాదులు, తాటాకు | సిమెంటు స్తంభం, సిమెంటు రేకు | పాతిన పైపు, రంగు రేకు | బోల్టుల పైపు, రంగు రేకు |
|---|---|---|---|---|
| మొదటి ఖర్చు | అన్నిటికంటే తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ |
| తర్వాతి ఖర్చు | రెండు మూడేళ్ళకోసారి నేత | పగిలిన రేకులు | నేల మట్టం దగ్గర పూత | పూత, బోల్టుల బిగింపు |
| వేడి | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ |
| ఉప్పు గాలి | కట్లు చూసుకోవాలి | బీట లేకపోతే మంచిది | బలహీనం | బలహీనం, భాగాలు మార్చుకోవచ్చు |
| కొబ్బరి చెట్ల కింద | ఫరవాలేదు | వద్దు | సొట్ట పడుతుంది | సొట్ట పడుతుంది |
| తరలించడం | కొంతవరకు | కుదరదు | కుదరదు | కుదురుతుంది |

## ఎవరికి ఏది

లీజు చెరువు మీద మేత, మోటార్లు పెట్టుకునేవాళ్ళకు బోల్టుల షెడ్డు. లీజు అయిపోతే విప్పుకుపోవచ్చు, దిమ్మలు ఒక్కటే వదులుకుంటారు. ఏడాది రెండేళ్ళ పనైతే బాదులు చాలు.

పాడి ఉన్నవాళ్ళు కలిపి వేసుకోవడం మంచిది: సిమెంటు స్తంభాలు, వాటి మీద తాటాకు. మూత్రం ఇనుమును తినే బాధ ఉండదు, వేసవిలో పాలు తగ్గే బాధా ఉండదు. రేకే వేయాలంటే చూరు పదడుగుల ఎత్తుకు లేపి, పైన తెల్ల సున్నం కొట్టి, మార్చి నుంచి రేకు మీద గడ్డి పరచండి.

సొంత కళ్ళంలో ధాన్యానికి, ట్రాక్టరుకు వేసేవాళ్ళకు పాతిన పైపు. డెల్టా మధ్యలో, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో ఈ దారికి తిరుగులేదు. అదే అంతర్వేది వైపైతే సిమెంటు స్తంభాలు, వాటి తలలో బోల్టులతో బిగించిన జీఐ కప్పు.

లంక గ్రామాలవాళ్ళ సంగతి వేరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మీ లంకలో ఏ హెచ్చరికకు నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో పెద్దలను అడిగి, ఆ గీత కంటే పైన అటక వేసుకోండి. కింద గోడలు వద్దు, నీళ్ళను పోనివ్వాలి. బోల్టుల షెడ్డు, అయిదడుగుల లోతు దిమ్మ.

## ఎప్పుడు, ఎలా అప్పజెప్పాలి

దాళ్వా (రెండో పంట వరి) కోతలై కాలవలు కట్టేసిన రోజులు, అంటే ఏప్రిల్ ఆఖరు నుంచి మే ఆఖరు వరకు, గుంటలు పొడిగా ఉంటాయి. కాలవలకు నీళ్ళొదిలాక తవ్వితే రెండో రోజుకే ఊట ఊరుతుంది. ఊట నీళ్ళలో కాంక్రీటు పోస్తే సిమెంటు కొట్టుకుపోతుంది, తోడి పోయాలి.

వెల్డరుతో చదరపు అడుగు రేటు మాట్లాడుకునే ముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి: పైపు క్లాసు, మందం, పర్లిన్ల కొలత, దూరం, రేకు మందం, స్క్రూల సంఖ్య, గుంట కొలత. అడుగు రేటులో కోత పెట్టేది ఎప్పుడూ వీటిలోనే. పైపు దిగగానే ఒక ముక్క తూకం వేయించండి, మీటరుకు తూగాల్సినంత తూగకపోతే అది ఎ క్లాసు. వెల్డింగు అయిన చోట జింకు పూత కాలిపోతుంది. అక్కడ చిట్టెం దులిపి, జింకు రిచ్ పెయింటు రెండు పూతలు వేయించాకే రేకులు ఎక్కించనివ్వండి. రేకు పైకి వెళ్ళాక బ్రష్షు దూరే సందుండదు. గుంటల్లో కాంక్రీటు పోసే రోజు మాత్రం దగ్గరుండండి, మూసేశాక లోతు కొలిచే దారి ఉండదు.